గుచ్చిన గ్రీన్లకు పూర్తి ధర: న్యూజెర్సీలో ఒక పబ్లిక్ గోల్ఫ్ కోర్సు, దాని బుకింగ్ సేవ

ఈ సమీక్ష ఎడిసన్ నుంచి కారులో ముప్పావు గంటలోపు చేరుకోగలిగిన ఒక పబ్లిక్ గోల్ఫ్ కోర్సు గురించి; అంతకంటే ఎక్కువగా ఆ కోర్సు టీ టైమ్‌లను (ఆట మొదలుపెట్టే సమయాలను) అమ్మే ఆన్‌లైన్ బుకింగ్ సేవ గురించి. కోర్సు పేరు రాయడం లేదు. నేను ప్రస్తావించబోయే లోపం ఆ చుట్టుపక్కల చాలా కోర్సులలో ఉన్నదే కనుక, ఒక్కదానిని వేలెత్తి చూపడం వల్ల చదివేవారికి ప్రయోజనం ఉండదు. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను: కోర్సు మంచిది, నిర్వహణ బాగుంది, సిబ్బంది మర్యాదస్తులు, కానీ గ్రీన్లను (చివర బంతిని దొర్లించి కప్పు అనే గుంతలో వేసే పొట్టి గడ్డి చోట్లను) గుచ్చి ఇసుక పోసిన వారంలో, ఆ సంగతి ఎక్కడా చెప్పకుండా, పూర్తి ధర ముందే వసూలు చేసి టీ టైమ్ అమ్మడం సరైన వ్యాపారం కాదు.

కోర్సు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాత చెట్ల మధ్య నుంచి గ్రీన్ల దాకా సాగే గడ్డి దారులైన ఫెయిర్‌వేలు, కొత్తవారిని మరీ బెదిరించని బంకర్లు (ఇసుక గుంతలు), ముందువాళ్ళు ఆలస్యం చేస్తే మర్యాదగానే తొందరపెట్టే రేంజర్, పద్ధెనిమిది హోల్స్‌లో (ఆట విడతల్లో) తొమ్మిదోది దాటాక తినడానికి ఓ మాదిరి శాండ్‌విచ్ దొరికే చిన్న కౌంటర్ ఉన్నాయి. మన తెలుగువాళ్ళు వారాంతాల్లో కనీసం రెండు మూడు బృందాలుగా కనిపిస్తారు. ఆఫీసులో పైమెట్టు ఎక్కాక ఆట మొదలుపెట్టినవాళ్ళు కొందరు, పిల్లలకు నేర్పిస్తూ తామూ నేర్చుకుంటున్నవాళ్ళు కొందరు. మామూలు రోజుల్లో ఈ కోర్సును ఎవరికైనా నిస్సంకోచంగా సూచిస్తాను.

మేము వెళ్ళింది సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటిన వారాంతంలో. హైదరాబాద్ నుంచి మా బావమరిది వచ్చాడు. అక్కడ గోల్కొండ పక్కన నయా ఖిలాలో ఉన్న కోర్సులో ఆడే అలవాటు ఉన్నవాడు కనుక, ఇక్కడి గడ్డి ఎలా ఉంటుందో చూపిద్దామని ఇద్దరు స్నేహితులతో కలిపి నలుగురికి బుక్ చేశాను. బుకింగ్ పేజీలో టీ టైమ్ ఉంది, ఒక్కొక్కరికి ధర ఉంది, కార్ట్ (కోర్సులో తిరగడానికి ఇచ్చే చిన్న బండి) అందులోనే కలిసి ఉందన్న మాట ఉంది, అదనపు బుకింగ్ రుసుము ఉంది, ఆ రోజు ఎంత ఎండ ఉండవచ్చో చెప్పే చిన్న సూర్యుడి బొమ్మ కూడా ఉంది. నలుగురికి కలిపి 340 డాలర్లు దాటింది. రద్దు చేసుకోదలిస్తే నిర్ణీత గడువులోగా చేసుకోవాలనీ, ఆ తరువాత డబ్బు తిరిగి రాదనీ కింద స్పష్టంగానే రాశారు. ఆ వారం మంగళవారమే గ్రీన్లన్నింటినీ గుచ్చారన్న సంగతి మాత్రం పేజీలో ఎక్కడా లేదు. అది కోర్సు దగ్గరి దుకాణమైన ప్రో షాప్ కౌంటర్ మీద, రసీదు యంత్రం పక్కన టేపుతో అంటించిన అరకాగితం మీద ఉంది. డబ్బు కట్టి, అంత దూరం వచ్చి, గడువు దాటిపోయాక చదివే చోట పెట్టినదాన్ని హెచ్చరిక అనడం కష్టం.

మొదటి గ్రీన్ మీద అడుగు పెట్టగానే విషయం అర్థమైంది. పచ్చదనం స్థానంలో లేత ఇసుక రంగు, దాని కింద వరుసలు తీరిన రంధ్రాలు, ఉదయపు మంచుకు తడిసిన ఇసుక బంతికి పొరలా పట్టుకోవడం. ప్రతి పట్‌కూ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బకూ) ముందు బంతిని గుర్తుపెట్టి ఎత్తి తువ్వాలుతో తుడవాల్సి వచ్చింది. మా బావమరిది ఎనిమిది అడుగుల దూరం నుంచి తిన్నగా కొట్టిన పట్ మూడడుగులు బాగానే సాగి, అక్కడ ఒక రంధ్రం అంచున చిన్నగా ఎగిరి, ఎడమకు తిరిగి, కప్పుకు జానెడు దూరంలో మరో రంధ్రంలో కూర్చుంది. అతను దాన్ని కాసేపు చూసి, "బావా, ఇది తెలిసే డబ్బులు కట్టావా?" అన్నాడు. అప్పటి నుంచి ఏ గ్రీన్ చేరినా రెండు పట్‌లు లెక్క వేసుకుని బంతి ఎత్తేశాం. ఏరేషన్ చేసిన, అంటే గ్రీన్లను ఇలా గుచ్చిన వారంలో ఇక్కడ స్నేహితుల బృందాలు పాటించే ఆనవాయితీ అదే. అంటే ఆటలో పెద్ద భాగం స్ట్రోకులు (దెబ్బలు) పడే చోట ఆ రోజు ఆటే లేదు.

ఏరేషన్ ఎందుకు చేస్తారో తెలియనివారికి ఇది నిర్లక్ష్యంలా కనిపించవచ్చు. నిజానికి నిర్లక్ష్యం చేసే కోర్సులే దీనిని మానేస్తాయి. గ్రీన్ మీద గడ్డిని అంగుళంలో ఎనిమిదో వంతుకు అటూ ఇటూగా కత్తిరిస్తారు. ఇంత పొట్టిగా బతకాల్సిన గడ్డి మీద ఏడాది పొడుగునా వేలాది మంది నడుస్తారు, యంత్రాలు తిరుగుతాయి. నేల గట్టిపడుతుంది, చనిపోయిన వేళ్ళు, కాడలు పేరుకుని పైన మెత్తటి పొరగా తయారవుతాయి, ఆ పొర నీటిని స్పాంజిలా పట్టి ఉంచి, కిందికి గాలి వెళ్ళనివ్వదు. వేళ్ళకు ప్రాణవాయువు అందక పైపైనే ఉండిపోతాయి, తెగుళ్ళు చేరతాయి, జూలై ఎండ రెండు రోజులు గట్టిగా కాస్తే గ్రీన్ మాడిపోతుంది. దీనికి నివారణగా బోలు గొట్టాలున్న యంత్రంతో మట్టిని కడ్డీలుగా పైకి లాగి, వాటిని ఊడ్చేసి, ఆ ఖాళీలలో ఎండిన ఇసుక నింపి, బ్రష్‌తో సర్ది, రోలర్ తిప్పుతారు. ఇసుక ద్వారా నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది, వేరు కిందికి పోతుంది.

కోర్సులలో ఎక్కువగా వాడే కొలతలతో ఒక లెక్క చెబుతాను. అర అంగుళం వ్యాసమున్న గొట్టాలను రెండంగుళాల ఎడంతో గుచ్చితే చదరపు అడుగుకు 36 రంధ్రాలు పడతాయి. 5,000 చదరపు అడుగుల గ్రీన్ మీద అవి 1,80,000; పద్ధెనిమిది గ్రీన్లకు 32 లక్షల పైమాటే. విస్తీర్ణం ప్రకారం ఇది గ్రీన్‌లో సుమారు 5 శాతమే. బంతి మాత్రం మిగతా 95 శాతం మీదుగానే వెళ్తానని మాట ఇవ్వదు. వాతావరణం అనుకూలిస్తే రంధ్రాలు పూడి గ్రీన్ మళ్ళీ నున్నగా కావడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. అందువల్ల ఈ అసౌకర్యం ఒక్క రోజుది కాదు. కొన్ని కోర్సులు గుచ్చే రెండు రోజులూ మూసివేసి, మూడో రోజు నుంచి అంతా మామూలే అన్నట్టు అమ్మడం మొదలుపెడతాయి. అసలు ఇబ్బంది మూడో రోజే మొదలవుతుంది.

సెప్టెంబరులోనే ఎందుకు గుచ్చాలి అన్నది మా బృందంలో చర్చకు వచ్చింది. ఈ ప్రాంతంలో గ్రీన్ల మీద ఉండేది బెంట్ గడ్డి, దానితో కలిసిపోయిన పోవా ఆన్యువా. రెండూ చల్లటి కాలాన్ని ఇష్టపడే రకాలు. నడి వేసవిలో గుచ్చితే అసలే వేడికి అలసిన గడ్డి కోలుకోదు. అక్టోబరు చివరిదాకా ఆగితే ఎదుగుదల మందగించి రంధ్రాలు చలికాలంలోకి తెరిచి ఉండిపోతాయి. రాత్రులు చల్లబడి, నేలలో ఇంకా వెచ్చదనం మిగిలి ఉన్న ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో గుచ్చితే గడ్డి వేగంగా పూడ్చుకుంటుంది. దురదృష్టవశాత్తూ మనిషికి ఆడబుద్ధేసే వాతావరణం కూడా సరిగ్గా అదే. దక్షిణాది రాష్ట్రాలలో వేడిని ఇష్టపడే బెర్ముడా గడ్డి గ్రీన్లు ఉన్నచోట లెక్క తిరగబడుతుంది. డాలస్‌లో ఉంటున్న మన స్నేహితులు నడి వేసవిలో గుచ్చిన గ్రీన్ల మీద ఆడాల్సి రావచ్చు. కోర్సు గడ్డిని చూసుకునే సూపరింటెండెంట్ తన పని సరైన సమయంలోనే చేశాడు. ఆ సమయం ఏదో ఆయనకు చాలా ముందుగానే తెలుసు అన్నదే ఇక్కడ నాకు కావలసిన విషయం. ఇసుక లారీకి ఆర్డరు పెట్టాలి, యంత్రం, మనుషులు సిద్ధంగా ఉండాలి, టోర్నమెంట్లు లేని వారం చూసుకోవాలి. ఆట ముగిశాక ప్రో షాప్‌లో వచ్చే వసంతంలో ఎప్పుడు గుచ్చుతారని అడిగితే, కౌంటర్ వెనక గోడకున్న క్యాలెండరు చూసి అక్కడి అబ్బాయి వెంటనే వారంతో సహా చెప్పాడు. అంటే ఆ సమాచారం బుకింగ్ తెరిచే రోజుకే గోడ మీద ఉంటుంది. కొనుగోలుదారు చూసే తెర మీదికి మాత్రం రాదు.

ఆట నియమాలు కూడా దీనిని మామూలు నిర్వహణగానే పరిగణిస్తాయి. నియమం 13.1సి ప్రకారం గ్రీన్ మీద బంతి పడిన గుంతలను, బూట్ల గుర్తులను సరిచేసుకోవచ్చు. ఏరేషన్ రంధ్రాలను మాత్రం సరిచేయడానికి వీల్లేదు. కమిటీ ప్రత్యేకంగా స్థానిక నియమం పెడితే తప్ప, బంతి ఆ రంధ్రంలో పడినా నియమాలు ఊరట ఇవ్వవు. నియమాల పుస్తకం ఆటగాడిని ఓర్చుకోమంటోంది, సరే. కానీ అది ఆట విషయం. ధర విషయంలో ఓర్చుకోమని అది ఎక్కడా చెప్పలేదు.

ఇదే కోర్సు వాన విషయంలో చాలా ఉదారంగా ఉంటుంది. ఆట మధ్యలో పిడుగుల హెచ్చరిక మోగి అందరినీ వెనక్కి పిలిస్తే, ఆడని హోల్స్‌కు లెక్కగట్టి రెయిన్ చెక్ ఇస్తారు. మరో రోజు వచ్చి వాడుకోవచ్చు. వాన ఎవరి చేతిలోనూ లేదు, ఎవరికీ ముందుగా కచ్చితంగా తెలియదు, అయినా ఆ నష్టంలో కోర్సు వాటా తీసుకుంటుంది. ఏరేషన్ పూర్తిగా కోర్సు చేతిలో ఉన్నది, తేదీతో సహా తెలిసినది. ఆ నష్టం మొత్తం ఆటగాడి నెత్తిన పడుతుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే కౌంటర్ దగ్గర ఎలా ఇముడుతున్నాయని మేనేజరును అడిగాను. ఆయన విసుక్కోలేదు, ఏరేషన్ అనేది ఆడేవారందరికీ తెలిసిన సంగతేనని, అనుమానం ఉంటే ఫోన్ చేయవచ్చని, అలా చేసినవారికి తాము ఎన్నడూ దాచలేదని చెప్పారు. చివరి మాటను నేను నమ్ముతున్నాను. అయితే ఫోన్ చేయనక్కరలేకుండా ఉండటానికే కదా ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, దానికి విడిగా రుసుము కూడా తీసుకుంటున్నది?

కోర్సుల వైపు వాదన తీసిపారేయదగ్గది కాదని కూడా ఒప్పుకోవాలి. ముందే చెబితే ఆ రెండు వారాలూ ఎవరూ రారు, జీతాలూ కరెంటూ ఆగవు, ప్రజల పార్కులో భాగంగా నడిచే కోర్సుకు ప్రతి వారాంతమూ ముఖ్యమే అంటారు. ఎవరూ రారన్నది మాత్రం నేను నమ్మను. ధర సగానికి తగ్గిస్తే గుచ్చిన గ్రీన్ల మీద ఆడటానికి ఇష్టంగా వచ్చేవాళ్ళు మా బృందంలోనే ఉన్నారు. ఐరన్ షాట్లు సాధన చేసుకోవాలనుకునేవాడికి, ఇప్పుడిప్పుడే ఆట మొదలుపెట్టినవాడికి, పిల్లల్ని మొదటిసారి పెద్ద కోర్సుకు తీసుకువచ్చే తండ్రికి గ్రీన్ మీద బంతి ఎంత వేగంగా దొర్లుతుందన్న పట్టింపు ఉండదు. తక్కువ ధర, తక్కువ రద్దీ వాళ్ళకు వరం. రాకుండా ఆగిపోయేది దూరప్రాంతం నుంచి అతిథిని తీసుకువచ్చేవాడు, టోర్నమెంటుకు ముందు సాధన కోసం వచ్చేవాడు. వాళ్ళను చెప్పకుండా రప్పించి సంపాదించిన ఆ ఒక్క రోజు డబ్బుకు బదులు, వాళ్ళు మళ్ళీ రాకపోవడం వల్ల పోయేది ఎక్కువ. మా నలుగురిలో ఇద్దరు తరువాతి నెల ఆటకు వేరే కోర్సు చూసుకున్నారు.

ముందే చెప్పి నడుపుకుంటున్న కోర్సులు లేకపోలేదు. ఇక్కడికి రెండు గంటల దూరంలో, లాంగ్ ఐలండ్‌లోని బెత్‌పేజ్ పార్కులో అమెరికా, యూరప్ జట్ల పోటీ అయిన రైడర్ కప్ 2025లో జరిగిన బ్లాక్ కోర్సు సాధారణంగా సోమవారాల్లో నిర్వహణ కోసం మూసి ఉంటుంది. అది అందరికీ తెలిసిన, పేజీలో రాసి ఉన్న నియమం. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర, ఈ కోర్సు చాలా కష్టమైనది, బాగా ఆడగలిగినవారికే దీన్ని సిఫారసు చేస్తున్నామని చెప్పే బోర్డు కూడా ఉంది. జనం దానికి భయపడి వెళ్ళిపోవడం మాట అటుంచి, పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో సాధారణంగా ఆదివారాలు ఆట ఉండదు, శీతాకాలంలో ఫెయిర్‌వే మీద చిన్న చాప వేసి దాని మీద నుంచే కొట్టాలి. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చేవారికి ఇవన్నీ బుక్ చేసుకోకముందే తెలుస్తాయి. మనవాళ్ళు చాలామంది స్థిరపడ్డ ఫీనిక్స్ పరిసరాలలో శీతాకాలపు రై గడ్డి విత్తడానికి కోర్సులు సెప్టెంబరు, అక్టోబరుల్లో కొన్ని వారాలు మూసివేస్తాయి. తెరిచాక కొన్నాళ్ళపాటు కార్ట్‌ను దారి దాటి గడ్డి మీదికి పోనివ్వరు. అక్కడి కోర్సులు ఈ తేదీలను ముందుగా ప్రకటించడం, ఆటగాళ్ళు వాటిని చూసుకుని ప్రణాళిక వేసుకోవడం మామూలు విషయం. ప్రకటించినందువల్ల ఎడారిలో గోల్ఫ్ అంతరించిపోలేదు.

ఇక బుకింగ్ సేవ సంగతి. కోర్సు సొంత వెబ్‌సైటు ఒకటి, అదే టీ టైమ్‌లను అమ్మే, కోర్సుకు చెందని ఇతర సంస్థల సైట్లు కొన్ని ఉంటాయి. కొన్ని ఏర్పాట్లలో, కోర్సుకు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు బదులుగా రోజుకు కొన్ని టీ టైమ్‌లు సైటు చేతికి వెళ్తాయి. వాటిని సైటు తనకు నచ్చిన ధరకు, ముందుగానే డబ్బు తీసుకుని, తిరిగి ఇవ్వని షరతు మీద అమ్ముకుంటుంది. ఇక్కడే బాధ్యత జారిపోతుంది. నేను సైటు వారికి రాస్తే, కోర్సు ఏ వివరాలు ఇస్తే అవే చూపిస్తామని జవాబు వచ్చింది. కోర్సును అడిగితే, ఆ పేజీ తమ అధీనంలో లేదన్నారు. ఎండ బొమ్మను మాత్రం ఎవరూ అడగకుండానే చూపించే పేజీలో, గ్రీన్లు గుచ్చారన్న ఒక్క వాక్యానికి చోటు దొరకకపోవడం సాంకేతిక సమస్య అని నేను అనుకోను. సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసే మనలో ఎవరినడిగినా, తేదీని బట్టి ఒక వాక్యం, ఒక తగ్గింపు శాతం చూపించడం ఎంత పనో చెబుతారు.

చట్టం మాటకొస్తే, అమ్మకంలో ముఖ్యమైన వాస్తవాన్ని తెలిసి దాచడాన్ని వినియోగదారుల మీద మోసాలను అరికట్టే న్యూజెర్సీ చట్టం నిషేధిస్తుంది. గుచ్చిన గ్రీన్ ఆ మాటల కిందికి వస్తుందో రాదో వాదించవలసింది న్యాయవాదులు; ఎనభై అయిదు డాలర్ల కోసం అంత దూరం వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. నేను అడిగేది వ్యాపార మర్యాద మేరకే.

ఏది చెప్పాలి, ఏది అక్కరలేదు అన్న గీత కూడా గీయాలి, లేకపోతే ఆటగాళ్ళ కోరికలకు అంతుండదు. ఉదయం గడ్డి కోసే యంత్రం ముందు ఆగాల్సి రావడం, గ్రీన్ మీద పలుచగా ఇసుక చల్లడం, సన్నటి సూదులతో గుచ్చి మర్నాటికే మాయమయ్యే పని, ఒక టీ బాక్సును కొంచెం ముందుకు జరపడం, చలి ఉదయాల మంచు వల్ల ఆట ఆలస్యం కావడం ఆటలో భాగాలే. వాటికి హెచ్చరిక అడిగేవారితో నేను గొంతు కలపను. బోలు గొట్టాలతో ఏరేషన్, అసలు గ్రీన్ బదులు ఫెయిర్‌వేలో తాత్కాలిక గ్రీన్ పెట్టడం, కొన్ని హోల్స్ మూసివేయడం, కార్ట్‌ను దారి మీదే ఉంచాలన్న నిబంధన ముందే ఖరారై ఉండటం మాత్రం ధర పక్కనే, డబ్బు కట్టే బటన్‌కు పైన కనిపించాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో వెళ్ళేవారికి చివరిది ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. కార్ట్ ఉందన్న ధైర్యంతో వచ్చి, ప్రతి షాట్‌కూ దారి నుంచి బంతి దాకా నడిచి, తిరిగి కార్ట్ దాకా నడవడం వారి వల్ల కాదు. ఏరేషన్ విషయంలో గుచ్చిన తేదీ ఒక్కటే రాస్తే సరిపోదు. కోలుకోవడానికి పట్టే వారాలను కూడా కలిపి, మొదటి వారం సగం ధర, రెండో వారం పావు తగ్గింపు అన్నట్టు మెట్లుగా చూపిస్తే ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

మేనేజరు చివరకు మా నలుగురికీ వారం మధ్యలో వాడుకోదగ్గ తగ్గింపు కూపన్లు ఇచ్చారు. అడిగినందుకు ఇచ్చారు, ఆ రోజు అడగకుండా వెళ్ళిపోయిన మిగతా బృందాలకు ఏమీ దక్కలేదు. అక్టోబరు మధ్యలో ఆ కూపన్‌తో మళ్ళీ వెళ్ళాను. రంధ్రాల ఆనవాలే లేదు. బంతి కొట్టిన గీత మీదే నిలిచి వెళ్ళింది, ఆగస్టులో కంటే గ్రీన్లు గట్టిగా, వేగంగా ఉన్నాయి. సూపరింటెండెంట్‌కు దక్కాల్సిన పేరు ఆయనకు దక్కాలి.

కోర్సుకు అయిదుకు నాలుగు నక్షత్రాలు, బుకింగ్ సేవకు ఒకటిన్నర. ఏప్రిల్‌లో గానీ, ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా గానీ ఈ ప్రాంతంలో ఎక్కడ ఆడదలిచినా, డబ్బు కట్టకముందు ప్రో షాప్‌కు ఫోన్ చేసి, గ్రీన్లు చివరిసారి ఎప్పుడు గుచ్చారు, మళ్ళీ ఎప్పుడు గుచ్చుతారు, ఏ సైజు గొట్టాలు వాడారు అని అడగండి. సూదులతో గుచ్చామంటే నిశ్చింతగా వెళ్ళవచ్చు. అర అంగుళం గొట్టాలు, ఇంకా రెండు వారాలు కాలేదు అంటే తగ్గింపు ఎంతో అడగండి. లేదంటే ఆ శనివారానికి మరో కోర్సు చూసుకోండి.